ఎదుట మనిషి లేని బేరం

అమెరికా మన సరుకు మీద సుంకం పెంచిందని పేపర్లో పడిన రోజు మా వీధిలో దిగులు పడనివాణ్ని నేనొక్కణ్నే. నిజం చెప్పాలంటే కొంచెం హుషారుగా కూడా ఉన్నాను. అనకాపల్లిలో బెల్లం, ధాన్యం తప్ప మరో వాసన ఎరగని వీధి మాది. ఇక్కడ పుట్టినవాడికి నడక కంటే ముందు బేరం వస్తుంది. అందుకని ప్రపంచ రాజకీయాలన్నింటినీ నేను బేరాలుగానే చదువుతాను. యుద్ధమంటే తెగని బేరం. శాంతి ఒప్పందమంటే ఇద్దరూ తామే మోసపోయామనుకుంటూ ఇంటికెళ్లిన బేరం. ఇలాంటివి రోజుకు ఎన్నయినా చెప్పగలను, వినేవాడు దొరకాలంతే.

ఈ చదువు నాకు మా నాన్న కొట్టులో అబ్బింది. కొట్టు ముందు మురుగు కాలువ, దాని మీద ఒక రాతి పలక ఉండేవి. కొనడానికి వచ్చినవాడు ధర కుదరక లేచి వెళ్లిపోతుంటే నాన్న తల ఎత్తేవాడు కాదు. తూకం రాళ్లు సర్దుతున్నట్టు కనిపించేవాడు. చెవి మాత్రం పలక మీదే ఉండేది. అవతలివాడి చెప్పు పలక దిగి రోడ్డు మీద పడేలోపల పిలవాలి. మరీ ముందు పిలిస్తే మన ఆత్రం బయటపడుతుంది. దిగాక పిలిస్తే పక్క కొట్టువాడు ఎగరేసుకుపోతాడు. ఈ సంగతి వెళ్లేవాడికీ తెలుసు. అందుకే పలక మీద కాస్త నెమ్మదిస్తాడు, చెప్పులో రాయేదో గుచ్చుకున్నట్టు వంగుతాడు. ఎవరి నాటకం ఏమిటో రెండో వాడికి తెలిసే బేరం నడుస్తుంది. నేను డిగ్రీ కూడా చదివాను గాని, నాకు వచ్చిన అర్థశాస్త్రం ఇప్పటికీ ఆ పలక వెడల్పే.

ఆ పొద్దున పక్క ధాన్యం కొట్టాయన టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. వరసకు ఏమీ కాడు, వీధి మొత్తానికి మామ.

"ఏటల్లుడూ, అమెరికావోడు పన్నేసేడంట."

"వేసేడు మామా. అది మొదటి మాట. దిగుతాడు."

"నీకు ఫోను చేసి సెప్పేడేటి?"

"సెప్పక్కర్లేదు. అంత పెద్ద అంకె అన్నోడు అక్కడ నిలబడ్డానికి అనడు. మనోళ్లు లేచి నాలుగడుగులేస్తే చాలు, ఎనక్కి పిలుస్తాడు."

"పిలవకపోతే?"

"కొట్టు పెట్టుకున్నోడు పిలవకుండా ఉండగలడా మామా."

మామ టీ ఒక గుక్క తాగి, "వోడు కొట్టువోడా, కొనేవోడా?" అని అడిగాడు.

కొనేవాడే. అమ్మేవాళ్లం మనం. కొనేవాడు లేచిపోతుంటే పిలవాల్సింది మనమే కదా అన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. ఒప్పుకుంటే ఆ రోజుకి నా ఉపన్యాసం అక్కడితో ఆగిపోతుంది. అందుకని వెంటనే చమురు ధరల మీదికి వెళ్లిపోయాను.

మా బెల్లం అమెరికా తినదు. ఆ సుంకం సంగతి నాకు అంత అవసరమా అంటే, అక్కడే మా అక్క వస్తుంది. అక్కా బావా ఎస్. రాయవరం అవతల, సముద్రం వైపు, రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్నారు. మా ఇళ్లల్లో నీచు వండరు. వాళ్లిద్దరిలో ఏ ఒక్కరూ రొయ్య నోట పెట్టి ఎరగరు. రుచి తెలియని సరుకును పెంచి, మొహం తెలియని దేశానికి పంపుతూ బతుకుతున్నారని నేనే ఎగతాళి చేసేవాణ్ని. బావ అంతకుముందు తన అన్నగారి ధాన్యం కొట్టులో ఒక మూల కూర్చునేవాడు. తాళాలు అన్నగారి దగ్గర, సంచులు బావ దగ్గర. అది పడక బయటికొచ్చి చెరువు పట్టాడు. కిందటి పంట తెల్లమచ్చ రోగంతో పోయింది. ఈసారి కూడా చేతికి రాకపోతే చెరువు వదిలేసి మళ్లీ ఆ మూలకే వెళ్లి కూర్చుంటానని అక్కతో అన్నాడట. అక్క ఆ మాట నాకు చెప్పినప్పుడు గొంతులో ఏ బాధా లేదు. అందుకే నాకు భయం వేసింది.

ఆ సాయంత్రమే ఫోను చేసింది.

"ఒరే, రేటు పడిపోయింది. నిన్నొకటి చెప్పేరు, ఈవేళ ఇంకోటి. ఏజెంటు రేపొస్తాడు. నువ్వు రా. ఇంట్లో నోరు నీకే ఉంది కదా."

నిజమే. మా కుటుంబంలో ఎవరికి ఏ బేరం పడినా నన్నే తీసుకెళ్తారు. పెళ్లి వంటవాళ్ల దగ్గరికి, పాత బండి కొనేచోటికి, ఒకసారి ఆసుపత్రిలో గది అద్దె దగ్గరికి కూడా. అక్కడ గది అద్దె తగ్గలేదు గాని, అదనంగా ఒక దుప్పటి సాధించాను. ఆ దుప్పటి కథ చెప్పుకుంటూ చాలాకాలం గడిపాను.

మర్నాడు పొద్దున్నే బండి తీశాను. కశింకోట దాటేదాకా, ఏజెంటుతో ఏం మాట్లాడాలో లోపల కట్టుకుంటూనే ఉన్నాను. యలమంచిలి దగ్గర పెట్రోలు పోయించుకుంటుంటే మనసు మళ్లీ ప్రపంచం మీదికి పోయింది. ఎక్కడో ఇరుకు సముద్రంలో ఒక ఓడ ఆగిందంటే నాకు మొదట మా కొట్టులో నూనె డబ్బాలే కనిపిస్తాయి. మనకు సంబంధం లేని రెండు దేశాలు కొట్టుకున్నప్పుడు మా వీధిలో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్లు వెనక గదుల్లోకి వెళ్లిపోయాయి. నా వెనక గది కూడా ఖాళీగా లేదు. తర్వాత ధర దిగింది. దాచినవాళ్లలో సగం మంది నష్టపోయారు, నాతో సహా. అయినా కొత్త యుద్ధం వార్త చూస్తే చెయ్యి ఇంకా వెనక గది తలుపు మీదికే పోతుంది. పెద్ద పెద్ద దేశాలు కూడా ఇంతకంటే తెలివిగా చేస్తున్నట్టు నాకు కనిపించదు. వాళ్ల వెనక గదులు పెద్దవి, అంతే తేడా.

అడ్డరోడ్డు దగ్గర మళ్లి చెరువు చేరేసరికి ఎండ ఎక్కింది. గట్టు మీద పాకలో అక్క కూర్చుని ఉంది. బావ మేత పళ్లెం నీళ్లలోంచి పైకి లాగి, రొయ్యలు ఎంత తిన్నాయో చూస్తున్నాడు. తిండి బాగా తింటున్నాయని అతని మొహంలో ఒక్క క్షణం సంతోషం, ఆ వెంటనే తింటున్నందుకు దిగులు కనిపించాయి. చెరువులో ఏరియేటర్లు గాలి కలిసేలా నీళ్లను చిలుకుతూ ఒకటే రొద.

ఏజెంటు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, చేతికి వాచీ, వెనక జేబులో దువ్వెన. వల విసిరించి, కొన్ని రొయ్యలు తూచి, కిలోకి ఎన్ని తూగుతున్నాయో చూశాడు.

"సరుకు సాలా బాగుంది సార్. ఒకే సైజు, పెంకు గట్టిగా ఉంది. రేటు ఇదండి" అని ఫోను నా ముందు పెట్టాడు.

"ఫోను లోపల పెట్టు బాబూ. నువ్వు ఎంతకి కొంటావో నువ్వు చెప్పు."

"నాను కొనను సార్. కంపెనీ కొంటాది."

"సరే, సుంకం చూసి కదా ఈ రేటు. అది ఉండదు. ఇదంతా మొదటి మాట. దిగినరోజు నువ్వే ఈ గట్టు మీదికి పరిగెత్తుకొస్తావు."

"దిగితే మంచిదే కదా సార్. అప్పుడు ఎక్కువే ఇత్తాం."

"వేరే ఏజెంటుని పిలుస్తాం."

"పిలవండి సార్. ఆళ్లకీ ఇదే వచ్చుంటాది."

అతని మర్యాద నాకు మంట పుట్టించింది. బేరమంటే కొనేవాడు సరుకుని తిట్టాలి. తడి ఉందనాలి, రంగు తగ్గిందనాలి, నిన్న ఇంకోచోట ఇంతకంటే మంచిది చూశాననాలి. అప్పుడు మనకు పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. ఇతను మా రొయ్యల్ని నాకంటే ఎక్కువ పొగుడుతున్నాడు, ధర దగ్గరికి వచ్చేసరికి ఫోను చూపిస్తున్నాడు. గోడకి నచ్చజెప్పినట్టుంది.

ఇక మిగిలింది ఒకటే. "అయితే ఒద్దు బాబూ. ఉంచేసుకుంటాం" అని, వెనక్కి చూడకుండా గట్టు మీద నడవడం మొదలుపెట్టాను.

చెరువు గట్టు మా కొట్టు ముందు పలకలాంటిది కాదు, ఎంత నడిచినా అయిపోదు. కొంతదూరం పోయాక అడుగు చిన్నది చేశాను. పిలుపు రాలేదు. ఏరియేటర్ల రొదలో వినపడలేదేమో అనుకుని ఆగి, ఒడ్డున ఉన్న కొంగని చూస్తున్నట్టు నిలబడ్డాను. కొంగ నన్ను అనుమానంగా చూసింది. ఓరగా వెనక్కి తిరిగితే ఏజెంటు హెల్మెట్ పెట్టుకుంటున్నాడు. వెళ్లినదానికంటే వేగంగా తిరిగొచ్చాను.

"పిలవలేదేం?" అని నోరు విడిచి అడిగేశాను. ఇన్నేళ్ల వ్యాపారంలో ఆ ప్రశ్న ఎవర్నీ అడిగి ఎరగను.

"ఏటి సార్?"

"నేను వెళ్లిపోతుంటే వెనక్కి పిలవలేదేమని."

అతను హెల్మెట్ తీశాడు. ఎగతాళి చేయలేదు. "పిలిచి ఏటి సెప్పాలి సార్? నా దగ్గర ఇంకో రేటు ఉంటే కదా. పొద్దున్న మెసేజ్ వత్తాది, అది సూపిత్తాను."

"ఎవరు పంపుతారు?"

"కంపెనీలో సారు."

"ఆయనకెవరు చెప్తారు?"

"బయ్యరంట. బయటి దేశం."

"ఎప్పుడైనా చూసేవా?"

"నానా? మా సారే సూసుండడు" అన్నాడు. తర్వాత బావ వైపు తిరిగి, "ఈ రేటు రేపు పొద్దున్న దాకా ఉంటాది బాబాయ్. మళ్లీ ఎలా వత్తాదో తెలీదు. రొయ్యలు పడతామంటే ఒక ఫోను సెయ్యండి, బండి, ఐసు తెచ్చేత్తాను" అని వెళ్లిపోయాడు.

అక్క పాకలో అన్నం పెట్టింది.

"ఇప్పుడు చెప్పు. ఉంచాలా, పట్టేయాలా?" అంది.

"చూడక్కా, చైనా కనక ఈ టైములో కొనడం మొదలెడితే..."

"నాకు చైనా ఒద్దురా. రేపు పొద్దున్న సంగతి చెప్పు."

"యూరప్‌తో ఒప్పందం మాటలు కూడా..."

"ఒరే."

రోజూ పొద్దున్న దేశాధినేతలకి సలహాలిచ్చేవాణ్ని. నన్ను నిజంగా సలహా అడిగినవాళ్లు అంతవరకు లేరు. గొంతు సర్దుకుని, "ఉంచమంటాను. ధర పడినప్పుడు అమ్మకూడదు. మన తాతగారు బెల్లం ధర పడితే గోదాము తలుపులేసి కూర్చునేవాడు. ధరే ఎతుక్కుంటూ వచ్చేది" అన్నాను.

బావ అప్పటిదాకా కంచంలోకే చూస్తున్నాడు. "బెల్లం మేత తినదు బామ్మర్దీ" అన్నాడు.

పెరుగు గిన్నె నా వైపు జరిపి, మళ్లీ అందుకున్నాడు.

"తలుపేత్తే బెల్లం ఊరుకుంటాది. ఇవి రోజూ తింటాయి. కరెంటు పోయి డీజిలు ఇంజను లేటయితే గాలాడక పొద్దున్నకి చచ్చి తేలిపోతాయి. అమెరికావోడు దిగుతాడేమో, నాను కాదన్ను. ఆడు దిగీదాకా ఇవి ఉండాలి కదా."

నాకు తెలిసిన లోకమంతా ఆగగలిగిన సరుకు లోకమని అప్పుడు అర్థమైంది. నాన్న తల ఎత్తకుండా కూర్చోగలిగాడంటే, వెనక బెల్లం దిమ్మలు చల్లగా పడి ఉన్నాయన్న ధైర్యమే కారణం. పేపరు చదువుతూ నేను లెక్కపెట్టిన ఎత్తులు, పైఎత్తులు అన్నీ ఆగగలవాళ్లవే. అమెరికా ఆగగలదు. దానికి ఈ సముద్రం కాకపోతే ఇంకో సముద్రం, ఈ చెరువు కాకపోతే ఇంకో దేశంలో చెరువు. ఆగలేనివాడు లేచి నడిస్తే అది బేరం కాదు, ఉత్త నడక. గట్టు మీద నేను చేసింది అదే.

అక్క కంచాలు తీస్తూ చెప్పింది. "సగం పట్టేద్దాం. చెరువు పలచనైతే మిగిలినవాటికి గాలాడతాది."

"సగమెందుకు?" అన్నాను.

"అంతా అమ్మేసేక రేటు పెరిగితే మీ బావ మొహం చూడలేను. అంతా ఉంచేసి చచ్చిపోతే నీ మొహం చూడలేను. సగమైతే ఇద్దర్నీ కొంచెం కొంచెం చూడొచ్చు."

మర్నాడు తెల్లవారగానే వలలు దిగాయి. ఏజెంటు ఐసు పెట్టెలతో వచ్చాడు. రేటు కిందటి రోజుదే. నేను ఐసు పెట్టెలు దించాను. వల పైకి వస్తున్నప్పుడు రొయ్యలు ఒకదాని మీద ఒకటి ఎగురుతుంటే బావ వాటిని చూడకుండా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. పెంచినవాళ్లకి అలా ఉంటుందేమో. బెల్లం తూచేటప్పుడు మాకు ఎప్పుడూ అలా ఉండలేదు.

అప్పుడే పూడిమడక నుంచి ఆటోలో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు, ఊళ్లల్లో తిరిగి చేపలమ్మేవాళ్లు. సముద్రంలో వేట సరిగా లేనప్పుడు చెరువుల దగ్గరికి వస్తారట. రెండు టబ్బుల రొయ్యలు కావాలన్నారు. అక్క నా వైపు చూసింది, ఇది నువ్వు చూసుకో అన్నట్టు.

పెద్దావిడ ఒక రొయ్యని తీసి నా ముక్కు ముందు ఆడించింది. "ఏటయ్యా ఇది, మెత్తబడిపోనాది. ఈటికి ఇంత సెప్తన్నావా?"

"ఇప్పుడే వలలోంచి వచ్చిందమ్మా. ఇంకా కదుల్తోంది."

"కదిల్తే? నాను కూడా కదుల్తన్నాను, నన్నెవులు కొంతారు? నీచు తిననోడివి, నీకేటి తెలుసు రొయ్య సంగతి."

నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులుగా ఎవరూ మా సరుకుని తిట్టలేదు. నేను అయిదు పెంచితే ఆవిడ పది దించింది. ఎండ గురించి, ఆటో కిరాయి గురించి, అనకాపల్లి కోమట్ల గురించి తిట్టింది. చివరికి ఖాళీ టబ్బు నెత్తిన పెట్టుకుని, రెండో ఆవిణ్ని "రాయే" అని పిలిచి, గట్టెంట నడక సాగించింది. ఆవిడ పట్టుమని నాలుగడుగులు వేసిందో లేదో పిలిచేశాను. మరీ ముందు పిలిచేశాను. ఆవిడ తిరిగొచ్చి, కుదిరిన ధరలోంచి ఇంకో అయిదు కొట్టేసి, రెండు దోసిళ్లు పైన వేసుకుంది.

"అంత తొందరేటిరా నీకు?" అంది అక్క.

వెళ్లిపోతుంటే చూడలేకపోయాను. ఎదురుగా ఒక మనిషి, కళ్లల్లో ఆశ, నోట్లో అబద్ధం, అన్నీ నాకు తెలిసినవే. మళ్లీ దొరకరేమో అనిపించింది.

మిగిలిన సగం రొయ్యలు చెరువులో ఉన్నన్నాళ్లూ నాకు కొట్టులో కాలు నిలవలేదు. పేపరు చదవడం జబ్బులా పట్టుకుంది. ఒకరోజు ఒకాయన మాట్లాడతానంటాడు, మర్నాడు ఆయనే మాట్లాడేదేముందంటాడు. సుహృద్భావ వాతావరణంలో చర్చలు జరిగాయని రాస్తే ఎవరూ దిగలేదని అర్థం. చర్చలు ముందుకు సాగాయంటే టీ బాగుందని అర్థం. పదవుల్లో ఉన్న ఆ పెద్దమనుషులు ఒక మాట మార్చినప్పుడల్లా నాకు మా బావ మేత పళ్లెం కనిపించేది. సాయంత్రం మబ్బు పడితే అక్కకి ఫోను చేసి కరెంటు ఉందా అని అడిగేవాణ్ని. "ఉందిరా. నీ పని చూసుకో" అనేది. నా పని ఏమిటో నాకు గుర్తుకొచ్చేది కాదు.

సుంకం దిగలేదు. కానీ ఒకరోజు రేటు పెరిగింది. మరీ అంత కాదు, పడినదాంట్లో కొంత. అక్క ఆ రోజే ఏజెంటుని పిలిచి చెరువు ఖాళీ చేయించేసింది. నాకు తర్వాతే చెప్పింది. మేత ఖర్చు, కౌలు, డీజిలు పోగా ఇంకో పంట వేసుకోవడానికి సరిపడా మిగిలిందట. బావ అన్నగారి కొట్టుకి వెళ్లక్కర్లేదు, కనీసం ఈ ఏటికి.

సంతోషంగా కూర్చోవచ్చు కదా. ఏజెంటు నెంబరు తీసుకుని అతనికి ఫోను చేశాను.

"రేటు ఎందుకు పెరిగిందబ్బాయ్?"

"తెలీదు సార్. మెసేజ్ వచ్చింది."

పడినప్పుడు ఏ మాట చెప్పాడో పెరిగినప్పుడూ అదే మాట. ఇంకెవరినో అడిగితే యూరప్ ఆర్డరు అన్నారు. మరొకరు, ఏదో దేశంలో చెరువులకి రోగం తగిలి సరుకు తగ్గిందట అన్నారు. ఏది నిజమో తేల్చుకోవడం నా వల్ల కాలేదు. ఆ రెండోది మాత్రం నన్ను వదలడం లేదు. ఎక్కడో మా బావలాంటివాడు పొద్దున్నే లేచి, తేలిపోయిన చెరువు చూసి ఉంటే, ఆ కబురే మా ఏజెంటు ఫోనులో పెరిగిన అంకె అయి వచ్చి ఉంటుంది. అతనికి మేమెవరమో తెలియదు, మాకు అతను తెలియదు. ధర పెరిగినందుకు నిద్రపట్టని వ్యాపారి మా వీధిలో నాకు ముందు ఎవరైనా ఉన్నారేమో, అడగడానికి సిగ్గేసింది.

చెరువు ఎండబెట్టి, సున్నం చల్లి, మళ్లీ నీళ్లు పెడుతున్నారని అక్క చెప్పింది. మొన్న బావే ఫోను చేశాడు.

"గురువారం రొయ్య పిల్లలు వత్తన్నాయి బామ్మర్దీ. సెరువులో వదిలేత్తన్నాం. నిన్ను అడగడానిక్కాదు, సెప్పడానికే సేసేను."

"మంచిదే బావా" అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు. "ఈసారి ఎవరికి అమ్ముతావు?" అని కూడా అడిగాను.

"ముందు బతకనీ" అన్నాడు.

వెనకాల మోటారు చెరువులోకి నీళ్లు తోడుతున్న శబ్దం వస్తూనే ఉంది. ఫోను ఆపడం మరిచి జేబులో వేసుకున్నాడో, ఇంకేమైనా చెప్పబోతున్నాడో తెలియలేదు. కాసేపు నా ఫోను అలాగే చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాను.